జెట్ బోటుకు స్టీరింగ్ ఫిన్లు కొంటున్నారా? "అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అన్న సెట్లతో జాగ్రత్త

జెట్ బోటు నాజిల్‌కు (వెనక నీటిని చిమ్మే గొట్టానికి) బిగించే స్టీరింగ్ ఫిన్లు (రెక్కల్లాంటి పలకలు) కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నేను కొన్న సెట్టు, డాక్ దగ్గరికి వస్తుండగా రివర్స్ బకెట్‌కు (నాజిల్ వెనక కిందికి దిగి, నీటి ధారను ముందుకు మళ్లించి బోటును వెనక్కి నడిపే భాగానికి) తగులుకుని స్టీరింగ్‌ను ఒక పక్కకే పట్టేసింది. బోటులో పిల్లలు ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అదే సెట్టు, అవే ఫోటోలతో, అవే మాటలతో ఇప్పటికీ అమ్ముతున్నారు. అందుకే రాస్తున్నాను.

ఫిన్లన్నీ మోసం అని నేను అనడం లేదు. వాటి అవసరం నిజంగానే ఉంది. జెట్ బోటుకు బయట ప్రొపెల్లర్ ఉండదు, చుక్కాని ఉండదు. లోపల ఇంపెల్లర్ నీటిని లాగి వెనకనున్న నాజిల్‌లోంచి చిమ్ముతుంది. ఆ ధారను కుడికో ఎడమకో మళ్లిస్తేనే బోటు తిరుగుతుంది. అంటే ధార ఉన్నంతసేపే స్టీరింగ్. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే ఎవరైనా మొదట చేసేది థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచే మీట) వదిలేయడం. సరిగ్గా అప్పుడే బోటు మన మాట వినడం మానేసి పోతున్న దారినే పోతుంది. అలలు లేపకుండా మెల్లగా పోవలసిన చోట ఇంకో బాధ. ముక్కు ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతూ ఉంటే చక్రం తిప్పుతూనే ఉండాలి. 1954లో న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ జెట్ బోటు తయారు చేసింది లోతు లేని నదుల్లో నడపడానికి. అడుగున ఏదీ వేలాడకూడదన్నదే అసలు ఉద్దేశం. ఆ సుఖంతో పాటే ఈ ఇబ్బంది కూడా వచ్చింది.

ఫిన్ చేసేది ఏమిటంటే, నాజిల్‌తో పాటు తిరుగుతూ నీటిలో చిన్న చుక్కానిలా పని చేయడం. ధార లేకపోయినా బోటు కదులుతున్నంతసేపు నీరు ఫిన్‌ను నెడుతుంది, ఎంతో కొంత దారి మళ్లుతుంది. మంచి డిజైన్ ఉన్న ఫిన్లు పెట్టుకుంటే మెల్లగా పోయేటప్పుడు బోటు తిన్నగా పోవడం తెలుస్తుంది. కారులా తిరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. బోటు ఆగిపోయాక ఫిన్ చేయగలిగింది ఏమీ లేదు.

అమ్మేవాళ్లు చెప్పని లెక్క ఒకటి ఉంది. ఫిన్ మీద పడే నీటి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 5 మైళ్ల దగ్గర ఉన్న బలం, అదే ఫిన్ మొత్తం నీటిలో ఉండి అదే కోణంలో తిరిగితే, 40 మైళ్ల దగ్గర 64 రెట్లు. మెల్లగా పోయేటప్పుడు పని చేయాలంటే ఫిన్ పెద్దదిగా ఉండాలి. పెద్దదైతే, వేగంలో దాన్ని పట్టి ఉంచే బోల్టుల మీద భారం ఎన్నో రెట్లు పడుతుంది. పైగా బోటు వేగంగా పోయేటప్పుడు వెనక భాగం పైకి తేలి ఉంటుంది కాబట్టి ఫిన్ చాలావరకు నీటి బయటే ఉండొచ్చు. థ్రాటిల్ వదలగానే వెనక భాగం కిందికి దిగుతుంది, వెంట వస్తున్న అల మొత్తం ఒక్కసారిగా ఫిన్ మీద పడుతుంది. అది నెమ్మదిగా పెరిగే ఒత్తిడి కాదు, దెబ్బ. కాబట్టి ఫిన్ ఎంత నున్నగా ఉంది, ఏ రంగులో ఉంది అన్నది కాదు చూడాల్సింది. దాన్ని నాజిల్‌కు ఎలా పట్టించారన్నదే అసలు సంగతి.

నేను కొన్న సెట్టు దెబ్బతిన్నది అక్కడే. "అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అన్నారు. నా బోటు మోడల్ పేరు రాసి అడిగితే "అవును, సరిపోతుంది" అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. అన్నిటికీ ఎలా సరిపోతుందంటే, బ్రాకెట్‌లో బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా గాడిలా కోశారు. ఏ నాజిల్‌కైనా పైకో కిందికో జరిపి బిగించుకోవచ్చు. కానీ గుండ్రటి రంధ్రంలో బోల్టు ఉంటే ఫిన్ కదలాలంటే బోల్టు తెగాలి. గాడిలో ఉంటే ఫిన్‌ను ఆపేది బిగింపు పట్టు ఒక్కటే. పట్టు కాస్త సడలితే చాలు, ఫిన్ జారుతుంది.

బిగించినప్పుడు అంతా బాగానే ఉంది. నేల మీద చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, బకెట్‌ను దించి ఎత్తి చూశాను. ఎక్కడా తగల్లేదు. నీటిలో కూడా మొదట్లో తేడా ఏమీ కనిపించలేదు, తిన్నగా పోవడం కొంచెం మెరుగైంది కూడా. కానీ వేగంగా పోయి థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ పడే దెబ్బకు ఎడమ ఫిన్ గాడిలో కొద్దికొద్దిగా పైకి జరుగుతూ వచ్చింది. డాక్ దగ్గర రివర్స్ వేయగానే కిందికి దిగుతున్న బకెట్‌కూ నాజిల్‌కూ మధ్య దాని పై అంచు ఇరుక్కుంది. చక్రం ఎడమకు తిరిగి ఉండిపోయింది, ఇక కదల్లేదు. బకెట్ పూర్తిగా దిగలేదు, తిరిగి ఎత్తినా లేవలేదు. ఇంజిన్ ఆపేసి తెడ్డుతో డాక్‌ను నెట్టుకుంటూ ఎలాగో నిలబెట్టాం. ఆ కాసేపు పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను, వెనక ప్లాట్‌ఫారం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పిల్లలున్నారు మరి.

విప్పి చూస్తే బకెట్‌ను లాగే రాడ్ వంగిపోయింది. స్టీరింగ్ కేబుల్ కూడా బిరుసెక్కింది, మార్చాల్సి వచ్చింది. బోల్టులు స్టెయిన్‌లెస్ అని రాసినా మరల్లో తుప్పు కనిపించింది. లోపల నైలాన్ రింగ్ ఉన్న లాక్ నట్లు కాదు, మామూలు నట్లు ఇచ్చారు. ఇంజిన్ అదురుకు మామూలు నట్టు వదులవుతుంది. ఇది మెకానిక్కులందరికీ తెలిసిన విషయమే.

అమ్మకందారు మొదట "బిగించాక వాపసు ఉండదు" అన్నారు. తర్వాత "మీరు సరిగా బిగించలేదు" అన్నారు. ఎంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించాలో మీ కాగితంలో ఎక్కడ ఉందని అడిగితే జవాబు లేదు. బకెట్ దించి ఉన్నప్పుడు తీసిన ఫోటో ఒక్కటి పంపమన్నాను, అదీ లేదు. వాళ్ల పేజీలోని ఫోటోలు మళ్లీ చూశాను. అన్నిటిలో బకెట్ పైకెత్తే ఉంది, లేదా ఫోటో అక్కడికి కత్తిరించి ఉంది. కొనేముందు మీరు గమనించాల్సింది ఇదే. బకెట్ దించి, నాజిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి తీసిన ఫోటో అడగండి. మీ బోటు మోడల్‌కే, తయారీ సంవత్సరంతో సహా. ఇవ్వలేని వాళ్ల దగ్గర కొనకండి. సమీక్షలు చదివేటప్పుడు "ప్యాకింగ్ బాగుంది, చూడ్డానికి బాగుంది" అన్నవి పక్కన పెట్టి, నీటిలో నడిపి రాసినవి ఎన్ని ఉన్నాయో చూడండి.

నాజిల్‌కు రంధ్రాలు వేయమంటే ఇంకా ఆలోచించండి. చాలా నాజిల్స్ అల్యూమినియంవి. రంధ్రం వేస్తే పై రక్షణ పొర పోతుంది. అందులో స్టెయిన్‌లెస్ బోల్టు బిగించి ఉప్పునీటిలో తిప్పితే రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య మొదలై అల్యూమినియంను తినేసుకుంటూ పోతుంది. తుప్పు పట్టకుండా వేసే పేస్టు పూస్తే తగ్గుతుంది, అసలు రాకుండా పోదు. తర్వాత ఆ స్టీరింగ్ భాగాలకు వారంటీ అడిగితే రంధ్రాలు చూసి కాదనే అవకాశం ఉంది. అందుకే ముందే డీలర్‌ను అడిగి జవాబు రాయించుకోండి. రెండు ఇంజిన్ల బోటు అయితే రెండు నాజిల్స్ కలిసి తిరుగుతాయి కాబట్టి లోపలి వైపు ఫిన్లు ఒకదానికొకటి తగలవచ్చు, అదీ చూసుకోండి.

అంచుల సంగతి కూడా ఎవరూ మాట్లాడరు, నాకైతే అది చిన్న విషయంగా అనిపించడం లేదు. వెనక తిరిగే ప్రొపెల్లర్ ఉండదనే కదా చాలా కుటుంబాలు జెట్ బోటు కొంటాయి. ఈ సెట్టు అంచులు వేలికి గీసుకునేంత పదునుగా ఉన్నాయి. నీటిలోంచి ప్లాట్‌ఫారం ఎక్కే పిల్లల కాళ్లు సరిగ్గా అక్కడికే వస్తాయి. బోటు వెనక గాలి ట్యూబ్‌ను లాగే తాడు కూడా వాటికి చిక్కుకోవచ్చు.

ఇప్పటికే ఇలాంటి గాడి బ్రాకెట్ల సెట్టు బిగించుకుని ఉంటే, ఈసారి నీటిలో దించకముందు ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, సేఫ్టీ తాడు (పీకితే ఇంజిన్ ఆగిపోయే తాడు) కూడా పీకేసి వెనక్కి వెళ్లండి. బ్రాకెట్ మీద నుంచి నాజిల్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒకే గీత గీయండి, నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదికి ఇంకోటి. బకెట్‌ను ముందుకు, న్యూట్రల్, రివర్స్ మూడు స్థానాల్లో పెట్టి, ప్రతి స్థానంలో చక్రాన్ని రెండు చివరలకూ తిప్పి చూడండి. ఒకసారి నడిపి వచ్చాక ఆ గీతలు చూడండి. వెంట్రుకవాసి తప్పినా సరే, మళ్లీ బిగించి ఊరుకోకుండా ఆ ఫిన్లను తీసేయండి. రంధ్రాలు వేసి ఉంటే వాటి చుట్టూ తెల్లటి పొడి, పగుళ్లు ఉన్నాయేమో మెకానిక్‌కు చూపించాకే బోటు దించండి.