దేవమాలి టెంట్లంటూ సిమిలిగుడలో ముంచారు, అడ్వాన్స్ కొట్టే ముందు చదవండి

ఇప్పుడే రాయగడ చేరాం. రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే "పోనీలే" అని ఊరుకుంటాను, ఆ టెంట్లవాడికి కావలసిందీ అదే.

ఇన్‌స్టాలో ఒడిశా కొండ దేవమాలి పేరు కొడితే వచ్చే ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. పసుపు టెంట్లు, కింద మేఘాలు, వెనక గిటార్. ఆ రీల్ పెట్టిన టెంట్లవాడి పేరు రాయను, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడాడని! మంచి తెలుగు, మాటకో "అన్నా". కొండ అంచునే టెంట్, స్లీపింగ్ బ్యాగులు, చలిమంట, పొద్దున్నే కోరాపుట్ కాఫీ. రెండు టెంట్లకు 5 వేలు, అందులో 3 వేలు ముందే ఫోన్‌పే చెయ్యాలట. చేశాను. వాడు రసీదిచ్చాడా, పాడా! నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

లక్ష్మీపూర్, కోరాపుట్ మీదుగా దేవమాలి దగ్గరి ఊరు సిమిలిగుడ. దారి బాగానే సాగింది. చీకటి పడుతుండగా ఫోన్ చేస్తే "పైన గాలి ఎక్కువగా ఉందన్నా, మీకు కిందే ఏర్పాటు చేశాం" అన్నాడు. వాడు పంపిన లొకేషన్ పట్టుకుని వెళ్తే, 26వ నంబరు హైవే పక్కన ఓ ధాబా వెనక కోతలైపోయిన మడి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 1672 మీటర్లు అని దారి పొడుగునా పిల్లలకు ఊదరగొట్టాను. వాళ్లు దిగి చుట్టూ చూసి "నాన్నా, కొండేది?" అన్నారు.

అంతవరకైనా సర్దుకుపోయేవాణ్ణే. టెంట్లు కట్టే కుర్రాడు మాకోసం మంచి టెంటే తీశాడు పాపం. ఈ మహానుభావుడు వాణ్ణి ఆపి, నా ముందే నిలబడి, ఒడియాలో అంటాడూ: "అది భువనేశ్వర్ వాళ్లకుంచు. ఈ తెలుగోళ్లకి జిప్పు పోయినవి వేసెయ్. పొద్దున్నే పోయేవాళ్లు, మళ్లీ వస్తారా ఏంటి?" ఆ వెంటనే నా వైపు తిరిగి, నవ్వుతూ, తెలుగులో: "మీకోసం స్పెషల్ టెంట్ తీయిస్తున్నా అన్నా."

నేను పుట్టింది రాయగడలో, చదివింది ఒడియా బడిలో. కారు నంబరు ఓడీ 18, అంటే రాయగడ బండి, అని కూడా చూసుకోలేదు ఆ ఘనుడు. అడిగాను, ఒడియాలోనే: "జిప్పు పోయినవి మాకెందుకు? డబ్బులు తీసుకోలేదా?" మొహం మాడిపోతుందనుకున్నా. మజ్జిగౌరమ్మ మీద ఒట్టు, కనురెప్ప కూడా కదల్లేదు. పళ్లికిలించి "అరే, మీరు మనోళ్లేనా! ముందే చెప్పొద్దా?" అన్నాడు. అంటే మనోళ్లు కాకపోతే చిరిగింది అంటగట్టడం న్యాయమే అన్నమాట! ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. టెంట్ సంగతి తర్వాత.

పోనీ ఆ మంచిదిచ్చాడా అంటే అదీ లేదు. అడ్వాన్స్ తిరిగిమ్మంటే "రూల్ లేదు". నువ్వు రాసిన మెసేజులు చూడు అని వాట్సాప్ తెరిచేలోపు, నాకెదురుగానే వాడి ఫోన్లోంచి ఒక్కోటీ తీసేశాడు. కొండ అంచు పోయింది, స్లీపింగ్ బ్యాగులు పోయాయి. నా "ఓకే అన్నా"లు మాత్రం మిగిలాయి.

అంత రాత్రివేళ పిల్లలతో ఎక్కడికి పోతాం? ఉండిపోయాం. జిప్పు బదులు రెండు పిన్నీసులు. పైన వేసే రెండో గుడ్డ లేదు. లోపలి ఆవిరంతా గుడ్డకు పట్టి, అర్ధరాత్రి దాటాక బొట్లు బొట్లుగా మొహం మీద పడటం మొదలైంది. డిసెంబరులో కోరాపుట్ చలికి మనిషికో పల్చటి దుప్పటి. లారీ వెళ్లినప్పుడల్లా హెడ్‌లైట్లు టెంట్ మీద పడి లోపలంతా పట్టపగలే. మా అత్తగారు కాసేపు ఓర్చుకుని "అల్లుడుగారూ, కారు తాళం ఇవ్వండి" అన్నారు. ఇక ఆవిడ మొహం నేను చూడలేదు. చలిమంటకు కట్టెలకి విడిగా 400. కాఫీ తోటల జిల్లాలో పొద్దున్న ఇచ్చింది ప్యాకెట్ పొడి కాఫీ, పేపర్ కప్పులో. దానికీ డబ్బులే.

కార్లో వస్తుంటే మెసేజ్: "ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి అన్నా."

వెళ్తామనేవాళ్లకు ఓ రెండు మాటలు. డబ్బు వేసే ముందే లొకేషన్ పంపమనండి, వీడియో కాల్‌లో టెంట్ చూపించమనండి. మెసేజులు అదే రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపినవాడు రెండు రోజుల తర్వాత కూడా అందరికీ కనబడకుండా తీసేయగలడు. నేను 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నా. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, దానికోసం కోరాపుట్ తిరగక్కర్లేదు. ఫోన్‌పే రసీదు ఒక్కటీ నా దగ్గరే ఉంది, అది వాడు తీసేయలేడు. ఇదే మనిషి దగ్గర ఇంకెవరైనా ఇరుక్కుని ఉంటే కింద చెప్పండి, కలిసే వేద్దాం.