కాగితం ఉన్న ఫ్యూజింగ్ వెబ్: బెజవాడ ఎండలో వాడి చూశాక

రెండువైపులా అంటుకునే ఫ్యూజింగ్ వెబ్ అంటే ఇస్త్రీ వేడికి కరిగి గుడ్డను ఇంకో గుడ్డకో, కార్డుకో అతికించే పలుచటి జిగురు వల. ఎలా వాడాలో, ఇస్త్రీపెట్టె ఎంత వేడిలో పెట్టాలో ప్యాకెట్ మీదే ఉంటుంది. అవన్నీ మళ్లీ రాయను. దీని మీద నాకున్న ఇష్టం, కోపం రెండూ దాని వెనకుండే కాగితం గురించే.

నేను చేసేవి చిన్న చిన్నవి. ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు: 2.5 × 3.5 అంగుళాలు, పేకముక్క సైజు. 1990లలో జ్యూరిక్‌లో మొదలైన సరదా ఇది. కార్డును అమ్మకూడదు, ఇంకొకరి కార్డుతో మార్చుకోవాలి, అదే అసలు నియమం. మా గుంపులో నెలకో మాట ఇస్తారు, దాని మీద ఎవరికి తోచింది వాళ్లు చేసి పోస్టులో పంపుకుంటాం.

అంత చిన్న చోట గుడ్డ అంచు మడిచి కుట్టడం కుదరదు. ఆకు కోద్దామంటే మడతలు పడి దిమ్మలా తయారవుతుంది. గ్లూ రాస్తే పలుచటి మంగళగిరి నూలులోంచి పైకి ఊరి మరక కడుతుంది. ఈ వెబ్‌తో ఆ బాధ లేదు. కాగితం మీద పెన్సిల్‌తో గీసి, గుడ్డ వెనక పెట్టి ఇస్త్రీ చేసి, కాగితంతో సహా కత్తిరిస్తే పోగు లేవదు. తర్వాత కాగితం ఊడదీసి, ఆ ముక్కను కార్డు మీద పెట్టి మళ్లీ ఇస్త్రీ చేయడమే. మంగళగిరి చీరల నిజాం బోర్డర్‌లో గోపురాల వరుస ఉంటుంది కదా, అందులోంచి ఒకే ఒక్క గోపురాన్ని కోసి కార్డు మీద నిలబెట్టాను. బొమ్మ మాత్రం తిరగేసి గీయాలి. తెలుగు అక్షరాలు వేసేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

అయితే నన్ను పూర్తిగా దీని వైపు తిప్పింది మా అత్తయ్యగారి పాత పెడన కలంకారీ దుప్పటి. గుడ్డ మిగతా చోట్ల గట్టిగానే ఉంది, నల్ల గీతల వెంబడే చీలిపోతోంది. ఆ నలుపు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో నానబెట్టి తీసేది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలును తినేస్తుంది. పటిక వేసి తెప్పించిన ఎరుపు చెక్కుచెదరలేదు, దాని పక్కనున్న నలుపు మాత్రం వేలు తగిలితే రాలుతోంది. దాని మీద సూది ఆడదు. వెనక వెబ్ పెట్టి ఇస్త్రీ చేస్తే, నెమలి మెడ దగ్గర విడిపోవడానికి సిద్ధంగా ఉన్న గీత కూడా ఒక్క ముక్కగా నిలిచింది. ఆ నెల మాకిచ్చిన మాట ‘తుప్పు’. ఇంకేం గీస్తాను? ఆ నెమలినే పంపించేశాను.

ఇక కోపం సంగతి. మాది సత్యనారాయణపురంలో పై అంతస్తు, నా గదిలో ఏసీ లేదు, సొరుగు పడమటి గోడకు ఉంది. మే నెలలో రోల్ తీసి చూస్తే పాము కుబుసం విడిచినట్టు కాగితం ఒకవైపు, జిగురు వల ఒకవైపు. ఇలా ఊడిపోయాక కాగితం మీద గీసి ఏం లాభం? కత్తెర పెట్టగానే వల జరిగిపోతుంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, ‘చల్లని, పొడి చోట ఉంచాలని రాసే ఉంది కదా మేడమ్’ అన్నారు. ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే ఊళ్లో చల్లని చోటంటే ఫ్రిజ్జే. కూరగాయల ట్రేలో ఇది పెడితే మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు.

కార్డు పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది, పారేయడానికి మనసొప్పలేదు. ఊడిన వలను ముక్కలుగా తుంచి, దాని మీద దారపు కొసలు, జరీ తుంపులు చల్లి, పైన ఆర్గంజా కప్పి, రెండు బేకింగ్ పేపర్ల మధ్య ఇస్త్రీ చేశాను. మైనం పూసిన కాగితం పనికిరాదు, కరిగి అంటుకుంటుంది. చల్లారాక తీస్తే తుంపులన్నీ ఒకే గుడ్డగా వచ్చాయి, కాలువలో తేలే చెత్త, పూరేకుల్లాగే! ఇప్పుడు మంచి రోల్‌ను కూడా అప్పుడప్పుడు కావాలనే కాగితం ఊడదీసి వాడుతున్నాను. ఒకటే చిక్కు: ఊడిన వల ఎంత తేలికంటే, ఫ్యాన్ ఆపకపోతే ఎగిరిపోతుంది. మే నెలలో, ఇస్త్రీపెట్టె పక్కన, ఫ్యాన్ ఆపి. ఊహించుకోండి.

పోగు లేవదు అన్నాను కదా. కార్డు ప్లాస్టిక్ కవర్లో ఉన్నంతకాలం లేవదు. నలుగురి చేతులూ మారిన కార్డులో వదులు నేత గుడ్డ అంచు రేగింది. అందుకే ఇప్పుడు చుట్టూ ఒక వరుస రన్నింగ్ కుట్టు వేస్తున్నాను. వేసేటప్పుడు జిగురు సూదికి పడుతుంది, రెండు పొరలున్న చోట వేళ్లు నొప్పెడతాయి. పాలియెస్టర్ జరీ మీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకండి, ముడుచుకుపోతుంది. పైన నూలు గుడ్డ వేయాలి.

వన్‌టౌన్‌లో నేనడిగిన షాపుల్లో ఒకవైపు అంటుకునే బక్రమే (కాలర్లకు గట్టిదనం కోసం వేసే గుడ్డ) చూపించారు. మా టైలర్ అయితే ‘దీనికి కాగితమెందుకమ్మా, దండగ’ అనేశాడు. కాబట్టి ఆన్‌లైనే గతి. మడతపెట్టి పంపేవాళ్ల దగ్గర కొనకండి, మడత దగ్గరే ముందు ఊడుతుంది.

గుంటూరులో ఉన్న మా చెల్లెలు ఇదే తెప్పించుకుంది. కింది వాటా, ఏసీ గది. దానికి ఒక్కసారీ ఊడలేదు. ‘తప్పు మీ ఇంటిది అక్కా, దానిది కాదు’ అంటుంది. అయి ఉండొచ్చు. బ్యాగులు, బట్టలు కుట్టేవాళ్లకు ఇది ఎలా ఉంటుందో నేను చెప్పలేను, ఉతికే వస్తువు నేనేదీ చేయలేదు. నాకైతే కార్డులకు దీన్ని మించింది ఇంకా దొరకలేదు. ఈసారి మాత్రం రోల్ కాదు, మీటరే, అదీ దీపావళి వెళ్లాక తెప్పించుకుని శివరాత్రిలోపు వాడేస్తాను.