ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్‌తో ఆరేళ్ళు, మా నాన్న పెన్సిల్ గీతల దాకా

స్కానర్ మోడల్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఫిల్మ్ స్కానర్లలో ఉండే ఒకే ఒక్క సౌకర్యం గురించి: కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో నెగెటివ్ మీది దుమ్మునీ గీతలనీ పట్టుకుని, స్కాన్‌లోంచి తీసేసే క్లీనింగ్. ఇన్‌ఫ్రారెడ్ చానెల్ ఉన్న ఏ కంపెనీ స్కానర్‌కైనా ఇది వర్తిస్తుంది. మిగతా వివరాలు చాలామంది రాశారు, మళ్ళీ ఎందుకు. ఒక్క మాట మాత్రం చెప్తాను. పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అని ఉన్నా, నా బల్లపరుపు స్కానర్‌లో 2400 దాటాక ఫైలు బరువు పెరిగిందే తప్ప కొత్త వివరమేమీ నా కంటికి కనపడలేదు. స్టూడియోల్లో వాడిన వెడల్పాటి 120 సైజు నెగెటివ్‌కి ఆ 2400 చాలు. 6×6 సెంటీమీటర్ల ఫ్రేముకి దాదాపు 2.8 కోట్ల పిక్సెళ్ళు వస్తాయి, గోడకు పెట్టుకునే సైజు ప్రింటు హాయిగా వేసుకోవచ్చు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మా నాన్నకు స్టూడియో ఉండేది. మూసేసి ఇరవై ఏళ్ళు దాటింది. నెగెటివ్‌లు మాత్రం ఒక్కటీ పారేయలేదు. నంబరు రాసిన కాగితపు కవర్లలో పెట్టి, బిస్కెట్ల రేకు డబ్బాల్లో సర్ది, అటక మీద ఉంచారు. వాటి కోసమే 2019లో స్కానర్ కొన్నాను. అప్పటి నుంచి ఆదివారాలన్నీ దాని ముందే గడుస్తున్నాయి.

కొన్న నెలలోనే ఈ ఇన్‌ఫ్రారెడ్ అంటే నాకు ప్రాణం అయిపోయింది. కారణం తిత్లీ తుపాను. 2018 అక్టోబరులో అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు సోంపేటలో మా మేనత్త ఇంటి పైకప్పు లేచిపోయింది. అల్మరాలో ఉన్న పెళ్ళి ఆల్బం తడిసి ముద్దయింది. నెగెటివ్‌ల కవరు ఎలాగో మిగిలింది గానీ, ఉద్దానం ఉక్కలో అలాగే మూసి ఉంచడంతో ఏడాది తిరిగేసరికి తెల్లటి బూజు పట్టింది. అత్త ఆ కవరు నా చేతిలో పెట్టి, "చూడ్రా, ఏదైనా వస్తే వస్తాది, రాకపోతే లేదు" అంది.

బూజు పట్టిన ఫిల్మ్‌ని నీళ్ళతో కడగకూడదు. ఫిల్మ్ మీద బొమ్మను పట్టి ఉంచే పొర జెలటిన్, బూజు తిన్నాక అది నీళ్ళలో కరిగిపోతుంది, దానితో పాటు బొమ్మ కూడా పోతుంది. అందుకని నాణ్యమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి దూది ముంచి, పైపైన తుడిచి స్కాన్ చేశాను. మామూలు స్కాన్‌లో పెళ్ళికూతురి చీర నిండా సాలెగూడు. ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ ఆన్ చేసి మళ్ళీ చేశాను. సాలెగూడు లేదు. జరీ అంచు అంచులాగే ఉంది, మెడలో నల్లపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆ రాత్రే అత్తకు ఫోన్‌లో పంపితే, ఆవిడ ఏమీ మాట్లాడలేక మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఇందులో మాయ లేదు. కలర్ ఫిల్మ్‌ని ల్యాబ్‌లో డెవలప్ చేసేటప్పుడు అందులోని వెండి మొత్తం పోయి, రంగులు మాత్రమే మిగులుతాయి. ఆ రంగులు ఇన్‌ఫ్రారెడ్ కాంతికి ఇంచుమించు కిటికీ అద్దంలాంటివి, కాంతి వాటిలోంచి నేరుగా వెళ్ళిపోతుంది. దుమ్ము, గీత, బూజు మాత్రం అడ్డుపడతాయి. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన బొమ్మలో ఫోటో కనపడదు, మురికి మాత్రమే కనపడుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పటంలా వాడుకుని, కాంతి కొంచెం తగ్గిన చోట తగ్గినంత కలుపుతుంది, పూర్తిగా మూసుకుపోయిన చోట చుట్టుపక్కల రంగుతో పూడుస్తుంది. స్కాన్ టైము నా దగ్గర రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది. నాకది ఎప్పుడూ భారం అనిపించలేదు.

ఆ రోజుల్లో అడిగినవాళ్ళందరికీ "ఇన్‌ఫ్రారెడ్ లేని స్కానర్ కొనకండి" అని గట్టిగా చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మొదటి దెబ్బ బ్లాక్ అండ్ వైట్‌లో తగిలింది. నాన్న తీసిన పాత సిరిమాను ఉత్సవం రీలు అది. కోట ముందు జనం, గాల్లోకి లేచిన మాను, దాని చివర పూజారి. క్లీనింగ్ ఆన్‌లోనే ఉంచి స్కాన్ చేస్తే మాను అంచులు రంపపు పళ్ళలా విరిగాయి, జనం ముఖాలు మైనం కరిగినట్టు అయ్యాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ అంటేనే వెండి, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది. అంటే బొమ్మ మొత్తాన్నీ స్కానర్ మురికి అనుకుంటుంది. ఈ సంగతి మాన్యువల్‌లో ఉంది కూడా. బ్లాక్ అండ్ వైట్‌కి ఆపేసి, గాలి బల్బుతో దుమ్ము ఊది, మిగిలిన చుక్కలు కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా తీయడం మొదలుపెట్టాను. ఫ్రేముకి గంట పట్టినవి ఉన్నాయి. బాగా గీతలు పడ్డ నాలుగు నెగెటివ్‌లను మాత్రం బయటి ఊరి ల్యాబ్‌లో డ్రమ్ స్కాన్ చేయించాను. ద్రవం రాసి డ్రమ్ముకు అంటిస్తారు కాబట్టి, ఆ ద్రవం గీతల్లో నిండి అవి చాలావరకు కనపడకుండా పోతాయి. ఫలితం గొప్పగా ఉంది. కానీ నాన్న డబ్బాలన్నీ కొరియర్‌లో పంపే ధైర్యం నాకు లేదు, అంత డబ్బూ లేదు.

అసలు విషయం 2023లో జరిగింది.

గజపతినగరం నుంచి ఒకావిడ కూతురితో వచ్చారు. భర్త షష్టిపూర్తికి ఇద్దరి పాత ఫోటోలూ పెద్దవి చేయించి పెట్టాలని కూతురి కోరిక. ఆవిడ పెళ్ళిచూపుల ఫోటో మా స్టూడియోలో 1988లో తీసింది. చిన్న ప్రింటు వెనకాల నాన్న చేతిరాతతో నంబరు ఉంది, పది నిమిషాల్లో నెగెటివ్ దొరికింది. 120 సైజు, కలర్. దుమ్ము బాగానే ఉంది గానీ రంగులు చక్కగా నిలిచాయి. నాకు అలవాటైన పద్ధతిలో, క్లీనింగ్ ఆన్ చేసి, స్కాన్ చేసి స్క్రీన్ మీద చూపించాను.

ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాత బుగ్గ మీద వేలు పెట్టి, "ఇదేటి బాబూ, ఇవి అప్పుడు ఫోటోలో లేవు కదా" అన్నారు.

బుగ్గ మీద, గడ్డం కింద చిన్న చిన్న గుంటలు. ఆవిడ ముఖం మీద ఇప్పటికీ ఉన్నాయి, చిన్నప్పుడు అమ్మోరు పోసిన మచ్చలు. ప్రింటు తీసి పక్కన పెట్టి చూశాను. ప్రింటులో ముఖం నున్నగా ఉంది. ముప్పై అయిదేళ్ళలో నెగెటివ్ పాడైందేమో అనుకున్నాను, కానీ పాడైతే సరిగ్గా మచ్చలున్న చోటే ఎలా పాడవుతుంది? నెగెటివ్‌ని లైట్ బాక్స్ (కింద నుంచి వెలుగు వచ్చే పెట్టె) మీద పెట్టి భూతద్దంతో చూశాను. మెరుపు లేని వైపు, బుగ్గ దగ్గర, కామాల్లా వంకర తిరిగిన సన్నటి గీతలు కనపడ్డాయి, వెంట్రుక కంటే సన్నవి, వందల్లో.

నాన్న టచింగ్ అది.

పాత స్టూడియోల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు. నెగెటివ్ మీద పెన్సిల్ పట్టడానికి ఒక ద్రవం రాసి ఆరబెట్టి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో మచ్చలున్న చోట నింపేవారు. ఫోటోలో నల్లగా కనపడే గుంట నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ వేస్తే పక్కదానితో సమానమై, ప్రింటులో నున్నగా వస్తుంది. ఇది ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్‌లో చేసే పని. నాన్న కలర్ పోర్ట్రెయిట్‌లకు కూడా చేశారని నాకు ఆ రోజు దాకా తెలియదు.

పెన్సిల్ ముక్కులో ఉండేది గ్రాఫైట్. గ్రాఫైట్ కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది. మా నాన్న ఒక సాయంత్రమంతా కూర్చుని వేసిన గీతలను స్కానర్ దుమ్ము అనుకుంది, ఎంత కాంతి తగ్గిందో లెక్క కట్టి అంతా తిరిగి కలిపేసింది. అందుకే మచ్చలు బయటపడ్డాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌ఫ్రారెడ్ చానెల్‌ని విడిగా చూసే వీలుంది. తెరిచాను. అమ్మాయి ముఖం, చీర, వెనకాల తెర, ఏవీ లేవు, పొగమంచులాంటి నీడ తప్ప. అక్కడక్కడ దుమ్ము చుక్కలు. మధ్యలో గాల్లో తేలుతున్నట్టు, ఒక బుగ్గ ఆకారంలో, ఒక గడ్డం ఆకారంలో, కళ్ళ కింద రెండు చంద్రవంకల్లా నాన్న గీతలు. ఆ బొమ్మలో మనిషి లేదు, ఆయన చెయ్యి మాత్రమే ఉంది. నాన్న పోయింది 2021లో. నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

మొదటి ఏడాది నాన్న నా పక్కనే కూర్చునేవారు. ఒకసారి స్క్రీన్ మీద ఒక పోర్ట్రెయిట్ చూసి "ఎక్కడో తేడాగా ఉందిరా" అన్నారు. రంగుల గురించి అంటున్నారనుకుని కలర్ సరిచేసి చూపించాను. "సరేలే" అన్నారు. అది ఏ నెగెటివో నాకు గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.

క్లీనింగ్ ఆపేసి మళ్ళీ స్కాన్ చేశాను. దుమ్ముతో సహా, నున్నటి ముఖం వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టాను. కూతురు వెంటనే నున్నటిదే కావాలంది. తల్లి ఒప్పుకోలేదు. "మీ నాన్నగారు నన్ను అడక్కుండానే తీసేశారు బాబూ. పెళ్ళిపీటల మీద మా అత్తగారు నా ముఖం చూసి పక్కావిడ చెవిలో ఏదో అంది. ఈయన ముప్పై నాలుగేళ్ళూ చూసింది ఈ ముఖమే కదా, ఇదే వెయ్యండి" అన్నారు. మచ్చలున్నదే పెద్దది చేశాను. రెండోది కూతురు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళింది. నాన్న పనితనం గురించి నేను చెప్పుకునే మాటల్లో ఆవిడ మాట కూడా ఇప్పుడు ఒకటి.

దీని తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. స్టూడియో పోర్ట్రెయిట్ ఏదైనా ముందు లైట్ బాక్స్ మీద భూతద్దంతో చూస్తాను. క్లీనింగ్‌ని స్కాన్‌లో కలిపేయకుండా, మామూలు బొమ్మనూ ఇన్‌ఫ్రారెడ్ చానెల్‌నూ కలిపి ముడి ఫైలుగా దాస్తాను, శుభ్రం చేయడం తర్వాత కావలసిన చోట మాత్రమే. ఫైలు దాదాపు 220 ఎంబీ అవుతుంది, హార్డ్ డిస్కులు ఇంకో రెండు కొన్నాను. ఇంకొకటి, ఇది అందరికంటే స్టూడియోవాళ్ళ పిల్లలకు ముఖ్యం: ఆల్కహాల్ దూదితో మెరుపు లేని వైపు తుడవకండి. స్కానర్ తీసేసిన పెన్సిల్ క్లీనింగ్ ఆపేస్తే తిరిగి వస్తుంది, దూది తీసేసింది తిరిగి రాదు. నేను మొదటి రెండేళ్ళలో ఎన్ని తుడిచానో నాకు తెలియదు.

బూజు విషయంలో కూడా మొదట చెప్పినంత ధీమా లేదు. పైన పట్టిన బూజుని ఇన్‌ఫ్రారెడ్ బాగా తీస్తుంది. లోపలి దాకా తిని రంగు పోయిన మచ్చలను తీయలేదు, ఎందుకంటే రంగు లేకపోయినా ఇన్‌ఫ్రారెడ్‌కి తేడా తెలియదు. అత్త పెళ్ళి ఫోటోల్లో ఆరు ఫ్రేములకు గులాబీ రంగు మరకలు అలాగే ఉన్నాయి. అవి ఆవిడకు పంపలేదు.

మరి కొనొచ్చా అంటే, మీ ఇంట్లో ఉన్నవి 35 ఎంఎం కలర్ రీళ్ళు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు అయితే ఈ సౌకర్యం కోసం అదనంగా డబ్బు పెట్టడం నా దృష్టిలో సరైనదే. మా వైపు తేమకు మరీను. బ్లాక్ అండ్ వైట్ ఎక్కువ ఉంటే ఆ డబ్బు వేరే దానికి వాడుకోవచ్చు. నాలాగా స్టూడియో నెగెటివ్‌లు ఉన్నవాళ్ళకు ఏం చెప్పాలో నాకే తేలలేదు. అది లేకపోతే ఆ గీతలు అలా విడిగా చూసేవాడిని కాదు, అది ఉండబట్టే నాలుగేళ్ళు వాటిని చెరిపేశాను.

1988 డబ్బా మళ్ళీ మొదటి నుంచి స్కాన్ చేస్తున్నాను. ఇప్పటిదాకా 61 నెగెటివ్‌ల మీద పెన్సిల్ కనపడింది. 1989వి రెండు డబ్బాలు, 1990ది ఒకటి మిగిలాయి. వానలు పట్టేలోపు 120 సైజువైనా పూర్తి చేయాలి.