అడవినాభి దుంపలు కొనేవారు జాగ్రత్త

కావలి, కందుకూరు, సింగరాయకొండ వైపు ఇంటి తోటలు పెంచుకునే మిత్రులారా, వానలు మొదలయ్యాక తోపుడు బండి మీద అడవినాభి అనే పూలతీగ దుంపలు అమ్మకానికి వస్తున్నాయి. కొనే ముందు ఇది చదవండి.

నేను నాటిన వాటిలో ఒక్కటీ మొలవలేదు. కుండీ తవ్వి, దుంపల మట్టి కడిగి చూస్తే సంగతి బయటపడింది. అడవినాభి దుంప వంకర తిరిగి రెండు పాయలుగా ఉంటుంది. మొలక వచ్చే కన్ను ఆ పాయల చివరే తప్ప, బంగాళదుంపకు ఉన్నట్టు ఒళ్లంతా ఉండదు. కొన విరిగిన పాయ ఎన్నాళ్లున్నా మొలవదు. నాకు అంటగట్టినవన్నీ కొనలు తెగినవే. తెగిన చోటు కనబడకుండా బంకమట్టి పూశారు. అడిగితే బండివాడు "ఏ ముక్క పాతినా వస్తుందమ్మా" అన్నాడు. పచ్చి అబద్ధం.

డబ్బు పోతే పోయింది. ఒళ్లు మండే విషయం మరొకటి ఉంది. వాటిని చిలగడదుంపలతో పాటు ఒకే గంపలో పోసి అమ్ముతున్నాడు. విషమని ఎవరికీ చెప్పడం లేదు. ఈ మొక్కలో ప్రతి భాగంలోనూ కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, దుంపలోనూ గింజల్లోనూ మరీ ఎక్కువ. ఉడికించినా పోదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మూత్రపిండాలు, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పొరపాటున తింటే వాంతుల దాకా ఆగకుండా, మిగిలిన ముక్క వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

పెంచుకోవద్దని అనడం లేదు. పసుపు అంచులతో ఎర్రగా పైకి మడుచుకునే ఆ రేకులంటే నాకు ప్రాణం. ఆకు కొనే నులితీగలా మారి కంచెను పట్టుకుంటుంది. నీరు నిలవని మన ఇసుక నేలలు దీనికి అనుకూలం. కాయలయ్యాక తీగ ఎండిపోతుంది, దుంప మాత్రం నేలలో బతికే ఉంటుంది. అప్పుడు నీరు పోస్తే కుళ్లుతుంది. గింజ నాటితే పూతకు మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి అందరూ దుంపలే అడుగుతారు. అడగండి, కానీ మట్టి కడిగించి, కొన చెక్కుచెదరని గట్టి దుంపనే తీసుకోండి. చేతికి తొడుగు వేసుకుని నాటండి. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు.

ఆ బండి దగ్గర చిలగడదుంపలు కొన్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి వాటిని వండకండి. అందులో ఏది కలిసిందో చెప్పలేం.