క్రేవెన్ కాటేజ్‌లో చెక్క కుర్చీ

లండన్‌లో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ అనగానే అందరూ ఆర్సెనల్, చెల్సీ అంటారు. నాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు నేను మాత్రం ఫుల్‌హామ్ క్లబ్ వాళ్ల స్టేడియం క్రేవెన్ కాటేజ్‌కి తీసుకెళ్లాను. ఆయనకి ఫుట్‌బాల్ తెలీదు, కానీ ముప్ఫై ఏళ్లు కలప అడితి నడిపిన మనిషి. అక్కడి జానీ హేన్స్ స్టాండ్‌లో ఇప్పటికీ చెక్క కుర్చీలున్నాయి. అందుకే ఏరికోరి అక్కడే టికెట్లు తీశాను.

టికెట్లు క్లబ్ సైట్‌లోనే కొనండి. ఇంతకుముందు ఒకసారి వేరే రీసేల్ సైట్‌ని నమ్మి గేటు దగ్గర బిక్కమొహం వేశాను. ఆ డబ్బు ఇంకా రాలేదు.

పుట్నీ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి, థేమ్స్ పక్కనే పార్కులోంచి నడుచుకుంటూ వెళ్లాలి. పదిహేను నిమిషాలు. ఇళ్ల వరుస మధ్య ఎర్ర ఇటుకల గోడ కనబడుతుంది, అదే స్టేడియం. ఆ గోడ, దాని వెనక స్టాండ్ 1905లో ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఆర్కిటెక్ట్ కట్టినవి.

నాన్న కూర్చోలేదు. ముందు కుర్చీ మడిచి చూశారు, తెరిచారు, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విన్నారు. "టేకు కాదురా. ఇక్కడ చెదలు లేవు కాబట్టి బతికింది. మన దగ్గరైతే నాలుగు వానాకాలాలు ఆగదు" అన్నారు. తర్వాత కూర్చుని, మోకాళ్లు సర్దుకుని, ఎదురుగా ఉన్న కొత్త స్టాండ్ చూపించి "మరి అదేంటి?" అని అడిగారు.

అసలు కథ అక్కడే ఉంది. మేం కూర్చున్న స్టాండ్, మూలనున్న కాటేజ్ అనే చిన్న భవనం రక్షిత కట్టడాలు, పడగొట్టడానికి వీల్లేదు. స్టాండ్ వెనకే రోడ్డు, రోడ్డు దాటితే జనం ఇళ్లు. ఇక సీట్లు పెంచాలంటే మిగిలింది నది వైపే. ఆ వైపు 1972లో కట్టిన స్టాండ్ క్లబ్‌ని అప్పుల్లో ముంచింది. 1980ల్లో క్లబ్ ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ చేతికి పోయి, మైదానం అపార్ట్‌మెంట్లు అవుతుందేమోనన్నంత పని జరిగింది. 1997లో హారడ్స్ షాపు ఓనర్ అల్ ఫాయెద్ కొన్నాడు. మైకేల్ జాక్సన్ విగ్రహం పెట్టించిన ఓనర్ ఆయనే. 2013లో క్లబ్‌ని కొన్న షాహిద్ ఖాన్ ఆ విగ్రహాన్ని తీయించేశాడు. ఈయన లాహోర్‌లో పుట్టి, అమెరికాలో కార్ల బంపర్లు తయారుచేసి కోట్లు గడించిన మనిషి. నది వైపు పాతది కూల్చి కొత్త స్టాండ్ పని 2019లో మొదలుపెట్టించాడు. మధ్యలో కోవిడ్ వచ్చింది, 2023లో కాంట్రాక్టర్ కంపెనీయే దివాలా తీసింది. ఇన్నేళ్లు పట్టి ఇంతా చేస్తే, 25,700 ఉన్న సీట్లు 29,000 పైచిలుకు అయ్యాయి.

మరి లాభం ఎక్కడ? సీట్ల లెక్కలో లేదు. ఆ స్టాండ్‌లో రెస్టారెంట్లు, హోటల్ గదులు, పైన ఈతకొలను కూడా పెట్టారు. మ్యాచ్ లేని రోజు కూడా బేరం జరగాలన్నమాట. టికెట్ ధరల మీద అభిమానులు నిరసన తెలిపిన క్లబ్ కూడా ఇదే. వాళ్ల కోపం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

నాన్న అంతా విని ఒక్కటే అన్నారు: "అంటే పెంకుటిల్లు కదల్చకుండా దొడ్లో మేడ వేశారు. అద్దెకిచ్చుకోడానికి."

మ్యాచ్ గురించి చెప్పను, ఆఫ్‌సైడ్ అనే రూలు వివరించడంలోనే సగం అయిపోయింది. ఈ పాత స్టాండ్‌లో స్తంభాలుంటాయి, సీటు ఎంచుకునేటప్పుడు చూసుకోండి. కాళ్ల దగ్గర చోటు తక్కువ, పొడుగువాళ్లు చివరి సీటు తీసుకుంటే నయం. చెక్క కదా, చిన్న దిండు పట్టుకెళ్లినా తప్పులేదు. అయినా కాళ్ల కింద పలకలు వేలమంది అడుగులకి ఒక్కసారిగా దడదడమంటే వచ్చే చప్పుడు ఏ కొత్త స్టేడియంలోనూ వినబడదు. నా మార్కులు 5కి 4. ఆ ఒకటి కోసింది ధరకి.

మ్యాచ్ అయ్యాక కొత్త స్టాండ్ వెనక నది ఒడ్డు దారి మీదుగా నడిచాం. ఇంతకుముందు స్టేడియం దగ్గర ఆ దారి తెగిపోయి ఉండేది, ఈ స్టాండ్‌తో పాటే తెరుచుకుంది. మ్యాచ్ లేని రోజుల్లో ఎవరైనా నడవచ్చు. నాన్న మాత్రం ఫోన్‌లో కుర్చీ బందు ఫొటో పెద్దది చేసి, అడితిలో పనిచేసిన పాత వడ్రంగికి వాట్సాప్‌లో పంపుతున్నారు.