పవర్ తగ్గించినంకనే వైఫై కుదుటపడ్డది

మాది నల్లగొండ, పానగల్ రోడ్డు దిక్కు. వెనుక భాగం తాత కట్టించిన రాతిగోడల ఇల్లు, ముందర బాపు వేయించిన స్లాబు, దాని మీద ఇంకో రెండు అర్రలు. ఒక్క రూటర్‌తో ఇదంతా అందుకోవడం అయ్యే పని కాదు. హాల్లో ఒకటి, పైన ఒకటి, వంటింటి పక్కన ఒకటి, మూడు యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు) బిగించిన. మూడింటికీ క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు, ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఎండాకాలాలు, కరెంటు కోతలు అన్నీ చూసినంక రాస్తున్న.

ఏ డబ్బాను పట్టుకోవాల్నో తేల్చుకునేది ఫోను. డబ్బా కాదు. షాపులో మాత్రం 'మెష్ (కలిసి పనిచేసే రూటర్ల సెట్టు) పెట్టుకోండి సార్, ఫోను దానంతటదే మారుతది' అంటరు. సగమే నిజం. ఐఫోన్‌నే తీసుకుంటే, సిగ్నల్ మైనస్ 70 డీబీఎం దాకా పడిపోతేగాని ఇంకోదాన్ని వెతకదు (డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగినకొద్దీ బలహీనం). వెతికినా, డేటా నడుస్తున్నప్పుడు కనీసం 8 డీబీ మెరుగ్గా ఉన్నదానికే పోతది. ఆండ్రాయిడ్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

మా ఇంట్ల జరిగింది సరిగ్గా ఇదే. పైన అర్రలో మంచం మీద కూసుని చూస్తే, నెత్తి మీద డబ్బా వెలుగుతుంటది, ఫోను మాత్రం కింద హాలుదాన్నే పట్టుకుని ఉంటది. యాప్‌లో చూస్తే మైనస్ 67. మెట్ల సందులోంచి ఆ మాత్రం సిగ్నల్ వస్తుంటే అది ఇంకోదాన్ని ఎందుకు వెతుకుతది? వీడియో మాత్రం లోడ్ కాక గుండ్రంగ తిరుగుతనే ఉంటది.

మందు ఏందంటే డబ్బాల సిగ్నల్ పవర్ తగ్గించుడు. వినడానికి ఉల్టాగా ఉంటది గని పనిచేసింది ఇదే, కింది డబ్బా సిగ్నల్ పైన బలహీనపడితేనే ఫోను ఇంకోదాన్ని వెతుకుతది. వైఫైకి ఉండే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌ను 20 డీబీఎం నుంచి 11కు దించిన, అంటే 100 మిల్లీవాట్ల నుంచి దాదాపు ఎనిమిదో వంతుకు. 5 గిగాహెర్ట్జ్‌ను దానికన్నా కొంచెం ఎక్కువ ఉంచిన, ఫోన్లు అటే మొగ్గుతయి. పైగా డబ్బా ఎంత గట్టిగ అరిచినా ఫోను అంత గట్టిగ బదులియ్యలేదు. ఫుల్ గీతలు కనబడుతూ పేజీ తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. 2.4లో మూడు డబ్బాలు ఒకదానికొకటి అడ్డం రాకుండ 1, 6, 11 ఛానళ్లు విడివిడిగా ఇచ్చిన.

802.11 కే, వీ, ఆర్ అని మూడు సెట్టింగులుంటయి. కే పక్క డబ్బాల జాబితా ఇస్తది, వీ 'అటు పో' అని అడుగుతది, ఆర్ మారేటప్పుడు సెక్యూరిటీ తాళంచెవుల తతంగం తొందరగా ముగిస్తది. మొదటి రెండూ కళ్లు మూసుకుని ఆన్ చేయొచ్చు, కాకపోతే వీ అడిగినా ఫోను వినాలని లేదు. ఆర్ ఆన్ చేసినంక మా పాత ప్రింటర్ కనెక్టే కాలేదు. ఇంట్ల వైఫై కాల్స్ ఎక్కువ లేకుంటే ఆర్ జోలికి పోకపోయినా నడుస్తది.

నాకు అస్సలు నచ్చనిది మినిమమ్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ. అంటే సిగ్నల్ బలానికి కనీస హద్దు, సిగ్నల్ ఇంతకన్నా తక్కువుంటే డబ్బా ఆ ఫోనును గెంటేస్తది. గెంటితే పోవడానికి ఇంకో చోటు ఉండాలె గద! సంపు మోటార్‌కు పెట్టిన వైఫై స్విచ్చు రాతిగోడ అవతల మైనస్ 78లో ఉంటది, 2.4 తప్ప తెలువదు. హద్దు మైనస్ 75 పెడితే కనెక్ట్ కావుడు, బయటపడుడు, మళ్లీ కావుడు. కృష్ణ నీళ్లొచ్చిన పొద్దు ఫోన్‌తోని మోటార్ బంద్ కాలేదు, మీద ట్యాంకు పొర్లింది. 'నీ ఫోన్లు పాడుగాను, పోయి స్విచ్ ఒత్తిరా' అని అమ్మ అరిచినంక, ప్రింటర్, కెమెరా, మోటార్ స్విచ్చు అన్నిటికీ 2.4లోనే వేరే పేరు పెట్టి, ఆ హద్దు తీసేసిన.

కరెంటు పోయొస్తే ఇంకో తిప్పలు. ముందుగా లేచిన డబ్బాకే టీవీ అతుక్కుంటది, పక్కది లేచినా కదలదు. డబ్బాల వైర్లన్నీ కలిసే మా నెట్‌వర్క్ స్విచ్చు పీఓఈది, అంటే ఆ వైర్లలోంచే డబ్బాలకు కరెంటూ ఇస్తది కాబట్టి దానికి ఇన్వర్టర్ లైను ఇస్తే మూడూ ఆగకుండా ఉంటున్నయి. టీవీకైతే వైరే గుంజిన. కదలని వాటికి వైరును మించింది లేదు.

రెండు అర్రల ఇంటికి ఇంత హంగామా దండగ, ఒక మంచి రూటర్ నడుమ పెడితే చాలు. రాతిగోడలు గాని, మేడ గాని ఉంటేనే ఆలోచించండి. అప్పుడు కూడా డబ్బులు ముందు వైరింగ్‌కు పెట్టండి, డబ్బాలకు తర్వాత. ఇంతా చేసినా, పాలమూరు నుంచి మా అక్క వస్తే ఆమె పాత ఫోను పైకి పోయినా హాలుదాన్ని విడువదు. వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాల్సిందే.