కిస్మెట్: రీడింగ్ రూం వైఫైకి పెట్టి చాన్నాళ్లు వాడాక

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి చదివే పిల్లలు కూర్చునే ఒక రీడింగ్ రూం వైఫై నేను చూసుకుంటాను. పొద్దున బాగానే నడుస్తుంది, సాయంత్రం అయ్యిందంటే చాలు, మాక్ టెస్ట్ మధ్యలో పేజీ తిరుగుతూనే ఉండేది. నెట్ ఇచ్చే అన్నను పిలిస్తే "లైన్ మంచిగనే ఉంది, రూటర్ మార్చుకో" అని పోయేవాడు. రూటర్‌కి వైరు పెట్టి చూస్తే నిజంగానే లైన్‌లో ఏ లోటూ లేదు. ఇక మిగిలింది వైఫై సిగ్నల్ ఒక్కటే. అందుకే చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లను విని చూపించే కిస్మెట్ అనే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో పెట్టాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్. ఏ వైఫైకీ కనెక్ట్ అవ్వదు, తన తరఫున ఏమీ పంపదు, చుట్టుపక్కల గాల్లో తిరిగే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, విని ఎవరు ఏ ఛానల్‌లో (వైఫై నడిచే దారి) ఉన్నారో చూపిస్తుంది. దీనికి మానిటర్ మోడ్ (దేనికీ కనెక్ట్ అవ్వకుండా అన్నీ వినే పద్ధతి) ఉన్న వైఫై అడాప్టర్ కావాలి, కొనే ముందు డబ్బా మీద బొమ్మ కంటే లోపలి చిప్‌సెట్ పేరు చూడండి. నాది అథెరోస్ ఏఆర్9271, లైనక్స్‌లో పెట్టగానే పట్టుకుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మానిటర్ మోడ్‌లోకి వెళ్లిన అడాప్టర్‌తో నెట్ రాదు, కాబట్టి ల్యాప్‌టాప్‌కి ఇంకో దారి ఉండాలి.

ఇన్‌స్టాల్ పెద్ద కష్టమేం కాదు. ఉబుంటులో వచ్చే వెర్షన్ పాతది ఉండొచ్చు, కిస్మెట్ వాళ్ల సొంత రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దింపుకునే చోటు) కలుపుకుంటే నయం. మధ్యలో సూయిడ్ రూట్‌గా (వినే భాగానికి మాత్రం రూట్, అంటే అడ్మిన్, హక్కు ఇవ్వడం) పెట్టమంటారా అని అడిగితే అవును అనండి, తర్వాత మీ యూజర్‌ని కిస్మెట్ గ్రూప్‌లో చేర్చి లాగౌట్ అయి మళ్లీ రండి. అప్పుడు మొత్తం ప్రోగ్రాంని రూట్‌గా నడిపే అవసరం ఉండదు. అదే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో localhost:2501 తెరిస్తే మొదటిసారి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, అంతే. మీ సెట్టింగులు మాత్రం అసలు కాన్ఫిగ్ ఫైల్‌లో కాకుండా కిస్మెట్ సైట్ కాన్ఫ్ (kismet_site.conf) అనే ఫైల్‌లో రాసుకోండి, అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు.

సాయంత్రం పూట ఛానల్స్ ట్యాబ్ తెరిచి చూస్తే విషయం తేలిపోయింది. మా రూటర్, పక్క బిల్డింగ్ కోచింగ్ సెంటర్, కింది మెస్, ఎదురుగా ఏదో కెమెరా, అన్నీ 6వ ఛానల్‌లోనే. ఒకటి 3లో కూర్చుని అటు 1నీ ఇటు 6నీ కూడా చెడగొడుతోంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండేందుకు మామూలుగా వాడేవి 1, 6, 11, 3లో ఉన్నవాడు రెండు దిక్కులా అడ్డమే. స్క్రీన్ చూపించి అడిగితే కోచింగ్ సెంటర్ సార్ 1కి మారారు, మేం 11కి వెళ్లాం. ఆ 3లో ఉన్నది ఎవరిదో ఇప్పటికీ దొరకలేదు. అయినా మాక్ టెస్టులు మాత్రం ఆగట్లేదు, నాకు మస్తు రిలీఫ్.

లోట్లు కూడా చెప్పాలి. ఒక్క అడాప్టర్ ఒకసారికి ఒక్క ఛానలే వింటుంది, మామూలుగా సెకనుకి 5 ఛానళ్లు మారుస్తుంది, కాబట్టి మధ్యలో జరిగేది చాలా తప్పిపోతుంది. ఒక ఛానల్ మీద అనుమానం ఉంటే డేటా సోర్సెస్‌లోకి వెళ్లి దాన్నే లాక్ చేయండి. విన్నదంతా రాసుకునే లాగ్ ఫైల్ తెగ పెరుగుతుంది, రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఎస్‌డీ కార్డ్ మీద రోజంతా నడిపేవాళ్లు ప్యాకెట్లు రాయడం ఆపేయడం మేలు. డివైజ్‌ల సంఖ్య చూసి టెన్షన్ పడకండి, ఇప్పటి ఫోన్లు మ్యాక్ అడ్రస్ (వైఫైలో ఒక్కో డివైజ్‌ని గుర్తించే నంబర్) మారుస్తూ ఉంటాయి కాబట్టి ఒకే ఫోన్ రెండు మూడు లైన్లలో కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఏపీ స్పూఫ్ అలర్ట్, అంటే నకిలీ వైఫైని పట్టించే హెచ్చరిక. మా వైఫై పేరు, మా రూటర్ల మ్యాక్‌లు రాసి పెట్టాను, అదే పేరుతో ఇంకెవరైనా హాట్‌స్పాట్ పెడితే చెబుతుంది. పిల్లలు ఇదే వైఫైలో అప్లికేషన్ ఫీజులు కడతారు, నాకు ఆ భయం ఎప్పుడూ ఉండేది. పక్కవాళ్ల ఫోన్లు కూడా తెర మీద కనిపిస్తాయి కాబట్టి ఆ లాగ్‌లు ఎవరికీ ఇవ్వను, పని అయ్యాక తీసేస్తాను.

నా అడాప్టర్ 2.4 వరకే, 5 గిగాహెర్ట్జ్ దానికి వినపడదు. పిల్లల కొత్త ఫోన్లు ఎక్కువగా అటే వెళ్తున్నాయి, అందుకే రెండు బ్యాండ్లూ పట్టేది ఇంకోటి తీసుకుంటున్నాను. రెండూ పెడితే కిస్మెట్ ఛానళ్లను వాటి మధ్య పంచుకుంటుంది కూడా.